కల్పిత భాషకు భోజన మర్యాదలు, తిండి మాటలు: పొయ్యి నుంచి పంక్తి దాకా సమగ్ర మార్గదర్శి

సొంతంగా ఒక లోకాన్ని, ఆ లోకానికి ఒక భాషను కల్పించుకొని కథలు రాసేవారు వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు బాగా పెరిగారు. వారు చూపించే రాతప్రతుల్లో రాజులకు పేర్లుంటాయి, కత్తులకు పేర్లుంటాయి, కొండలూ నదులూ గీసిన పటం కూడా ఉంటుంది. కానీ ఆ కథల్లో ఎవరూ అన్నానికి కూర్చోరు. ఒకవేళ కూర్చున్నా మన పెళ్ళి భోజనాన్నే కొత్త పేర్లతో తినేసి లేస్తారు.

"మా మనుషులకు తిండి మాటలు, తిండి మర్యాదలు ఎలా తయారు చేసుకోవాలి?" అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఈ వ్యాసం దానికి జవాబు. ముఖ్యమైన మాట ముందే చెబుతాను: పదాల పట్టికతో మొదలుపెట్టకండి. ఆ మనుషులకు ఏది పుష్కలంగా దొరుకుతుందో, ఏది దొరకదో ముందు తేల్చండి. మర్యాదలు ఆ కొరతలోంచే వస్తాయి, మాటలు ఆ మర్యాదల్లోంచి వస్తాయి. ఈ వరుస తిరగబడితే ఎంత అందమైన పదాలు పేర్చినా అవి అలంకారంగానే మిగిలిపోతాయి.

ఉదాహరణ కోసం ఈ వ్యాసంలోనే ‘తొరాన్’ అనే జాతిని, వారి భాషను కడదాం. ప్రతి అడుగులోనూ ముందు పద్ధతి చెప్పి, తర్వాత దాన్ని తొరాన్ వారికి వర్తింపజేసి చూపిస్తాను.

## 1. సిద్ధం చేసుకోవలసినవి

ఒక నోటుపుస్తకం చాలు. కంప్యూటర్‌లో పట్టిక గీసుకున్నా సరే. ప్రతి మాటకూ ఈ అయిదు గడులు ఉండాలి:

- మాట
- అర్థం
- ఎవరు వాడతారు
- ఎప్పుడు వాడకూడదు
- దీన్నుంచి పుట్టిన మాటలు

చాలామంది మొదటి రెండు గడులతో ఆపేస్తారు. నిజానికి మాటకు బతుకునిచ్చేది నాలుగో గడి. అది ఖాళీగా ఉన్న మాట ఇంకా సగమే తయారైందని లెక్క.

## 2. మన చుట్టూ ఉన్న భోజనాన్ని గమనించండి

పెళ్ళిళ్ళ కాలంలో జనగామలోనో పరకాలలోనో బంతి భోజనం ఉంటే వెళ్ళండి. బఫే కాదు, కూర్చోబెట్టి వడ్డించే బంతి కావాలి. తినే ముందు కాసేపు పక్కన నిలబడి ఇవి రాసుకోండి:

- బంతికి ఎవరు పిలుస్తున్నారు? పిలవగానే కూర్చుంటున్నారా, రెండుమూడు సార్లు చెప్పించుకుంటున్నారా?
- వడ్డన ఎక్కడ మొదలైంది? విస్తట్లో మొదట పడింది ఏమిటి?
- వద్దు అనడానికి నోటితో చెబుతున్నారా, విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతున్నారా?
- ముందు తినడం అయిపోయినవారు లేస్తున్నారా, పక్కవారి కోసం ఆగుతున్నారా?
- ఆకును ఎటువైపు మడుస్తున్నారు?
- చివరి బంతిలో ఎవరు కూర్చున్నారు?

ఆ తర్వాత క్రియలు రాసుకోండి. కలుపుకోవడం, నంజుకోవడం, అద్దుకోవడం, జుర్రుకోవడం, కొసరి వడ్డించడం, మారు అడగడం, పొలమారడం. భోజనపు భాషలో వంటకాల పేర్లకంటే ఈ క్రియలే ఎక్కువ పని చేస్తాయి. రాతప్రతుల్లో నాకు ఎప్పుడూ కనబడే లోటు కూడా ఇదే: పేర్లు యాభై, క్రియ ఒక్కటి.

గమనించినదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళి మీ లోకంలో పెట్టకండి. దాని వెనుక ఉన్న పద్ధతిని మాత్రం తీసుకోండి. ఉత్తర తెలంగాణలో కళ్ళముందే కనిపించే కొన్ని పద్ధతులు ఇవి:

పాత్ర పేరు తిండికి రావడం. సర్వపిండికి ఆ పేరు సర్వ అనే గిన్నె వల్ల వచ్చింది. పిండిని సర్వ లోపలి అంచులకు అద్ది కాలుస్తారు. గిన్నె పేరుతోనూ తపాలా పేరుతోనూ పిలిచే ఊళ్ళున్నాయి. మీ లోకంలో కూడా ఒక వంటకానికి రుచిని బట్టి కాక పాత్రను బట్టి పేరు పెట్టి చూడండి.

చోటు మారితే పేరు మారడం. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో భక్తులు నిలువెత్తు బెల్లం సమర్పిస్తారు. అక్కడ దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. వస్తువు అదే. గద్దెల దగ్గర దాని పేరు వేరు, విలువ వేరు.

తిండి పేరు రోజుకు రావడం. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, సద్దుల బతుకమ్మ ఉన్నాయి. ఏ రోజు ఏ నైవేద్యమో పేరే చెబుతుంది. మధ్యలో అలిగిన బతుకమ్మ నాడు నైవేద్యమే ఉండదు. ఆ ఖాళీ రోజును ప్రత్యేకంగా గమనించండి. తిండి లేని రోజుకు కూడా పేరు పెట్టుకున్న సంస్కృతికి తిండి అంటే ఏమిటో బాగా తెలుసు.

ముఖ్య ధాన్యం పేరే భోజనం కావడం. "అన్నం తిన్నారా?" అని అడిగితే రొట్టె తిన్నవారు కూడా తిన్నామనే అంటారు.

లేదని చెప్పకుండా లేదనడం. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీని సంగతి ఎనిమిదో అడుగులో చూద్దాం.

ఒక జాగ్రత్త. ఏటూరునాగారం వైపు కోయ గూడేల్లోనో ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లోనో చూసిన కొలుపుల తిండిని, ఇప్పపువ్వు ఆచారాలను వింతగా కనబడుతున్నాయని కథలోకి ఎత్తుకోవద్దు. అవి బతికున్న మనుషుల నమ్మకాలు. కావాలంటే అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నాక కూడా పద్ధతినే తీసుకొని రూపాన్ని పూర్తిగా మార్చండి.

## 3. పొయ్యి, నీరు, కొరత

ఇక మీ లోకంలోకి వెళ్దాం. ఒక్క పదం కూడా పుట్టించకముందు ఈ ప్రశ్నలకు తెలుగులోనే జవాబులు రాయండి:

- పొయ్యిలోకి ఏది వాడతారు? కట్టెలా, పిడకలా, బొగ్గా?
- రోజుకు ఎన్నిసార్లు వండగలరు?
- కడుపు నింపే ముఖ్యమైన తిండి ఏది?
- ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది? పులుపు, తీపి?
- ఏది ఎంతకాలం నిలవ ఉంటుంది?
- వేటిలో వండుతారు, వేటిలో తింటారు?
- కరువు వస్తే ఏం తింటారు?

నేల ఎలా ఉంటే తిండి అలా ఉంటుందనడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద వరి పండుతుంది, అక్కడి భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది. చెరువు నీరు అందని చెలకల్లో జొన్న పండుతుంది. అక్కడ రొట్టె, గటక, అంబలి.

తొరాన్ వారికి నా జవాబులు ఇవి. వారిది చెట్లు లేని రాతి పీఠభూమి. ఎప్పుడూ ఈదురుగాలి. మేకలు కాస్తారు, కొర్రల్లాంటి చిరుధాన్యం పండిస్తారు. కట్టెలు లేవు, ఎండిన పేడ, ముళ్ళకంప మాత్రమే ఉన్నాయి. అందుకే పొయ్యి రోజుకు ఒక్కసారి, సాయంత్రమే వెలుగుతుంది. మూడు నాలుగు కుటుంబాలకు కలిపి ఒకటే పొయ్యి. ఉప్పు ఏడాదికోసారి దూరప్రాంతపు వర్తకులు తెస్తారు. కరువులో ఒక చేదు దుంప తింటారు. దాన్ని నీళ్ళు మార్చి మార్చి ఉడికించకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ కొద్ది వాక్యాలు చాలు. ముందు ముందు వచ్చేదంతా వీటిలోంచే వస్తుంది.

కాకతీయుల కాలాన్ని పోలిన లోకం కడుతున్నవారికి ప్రత్యేకంగా. ఓరుగల్లు కోటను చూసి ఊహ అల్లుకునేవారు ఇక్కడ చాలామంది. కాకతీయుల పాలన 1323లో ముగిసింది. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, మక్కజొన్న అమెరికా ఖండాల పంటలు. 1498లో పోర్చుగీసువారు మన తీరానికి వచ్చాకే అవి ఈ నేల మీదికి చేరాయి. ఏనుమాముల మార్కెట్‌లో ఎర్రటి మిరప కుప్పలు చూస్తూ పెరిగిన కళ్ళకు మిరప లేని వరంగల్ ఊహకు అందదు. కానీ ఆ కాలపు వంటలో కారం మిరియాలది, పిప్పళ్ళది, అల్లానిది. పూర్తిగా కల్పిత లోకంలో మిరప పండించుకునే స్వేచ్ఛ మీకుంది. అది తెలిసి తీసుకున్న నిర్ణయమై ఉండాలి, అంతే.

## 4. ధ్వనుల నియమం

తిండి మాటలు నోట్లో తిరగాలి. మూడు నియమాలు పెట్టుకోండి, చివరిదాకా వాటిని దాటవద్దు. తొరాన్ భాషకు:

1. గ, జ, డ, ద, బ లేవు. ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు లేవు.
2. మూలపదానికి రెండు అక్షరాలు, రెండోదానిలో దీర్ఘం.
3. మూలపదం ల్, ర్, న్, త్, మ్ లలో ఒకదానితో ముగుస్తుంది.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పొల్లుతో ముగిసే మాట వినగానే పరాయిదని తెలుస్తుంది. సంయుక్తాక్షరాలు గుట్టగా పేర్చడం వల్ల మాట పరాయిది కాదు. పాఠకుడు దాన్ని చదవకుండా దాటేస్తాడు, అంతకుమించి ఏమీ జరగదు.

## 5. మొదటి మాటలు, మూడు అతుకులు

ముందు పది మూలపదాలే కట్టండి. ముఖ్య ధాన్యం, పొయ్యి, కొరతగా ఉన్న వస్తువు, తినడం, తాగడం, కడుపు నిండడం, చల్లదనం, నిద్ర. ఈ కోవలో రోజూ అవసరమయ్యేవి. విందు వంటకాల పేర్లు ఇప్పుడే వద్దు.

తొరాన్ మూలపదాలు:

- మెలూత్: ఉడికిన ధాన్యం, భోజనం కూడా
- కెతూల్: పొయ్యి, నిప్పు
- సిరాన్: ఉప్పు
- పురాల్: తాగడం
- తవాన్: కడుపు నిండడం
- హులేమ్: నిద్ర
- ఇహాల్: చల్లదనం
- లమేర్, హసూన్, నువేల్: మూడూ తినడమే, తేడా తర్వాతి అడుగులో

ఇప్పుడు మూడు అతుకులు పెట్టుకోండి. అవి ఉంటే ప్రతి కొత్త మాటనూ శూన్యంలోంచి పుట్టించే పని తప్పుతుంది.

- చివర అస చేరితే చోటు లేదా పాత్ర. కెతూలస అంటే వంటచోటు. సిరానస అంటే ఉప్పు దాచే సొరకాయ బుర్ర. లమేరస అంటే అందరూ కూర్చునే వలయం.
- చివర ఇ చేరితే మనిషి. కెతూలి వండే మనిషి. సిరాని ఉప్పు పంచే పెద్దావిడ. లమేరి అంటే తోడుగా తినేవారు. దాన్నుంచే ‘మిత్రుడు’ అన్న అర్థం వచ్చింది. హసూని అంటే ఒంటరిగా తినేవాడు, అది తిట్టు.
- ముందు కొ చేరితే మరోసారి. కొమెలూత్ అంటే మారు వడ్డన. కొలమేర్ అంటే గొడవపడినవారు మళ్ళీ కలిసి తినడం, అంటే రాజీ.

మిత్రుడు, తిట్టు, రాజీ అన్న మాటల కోసం మనం విడిగా కూర్చోలేదు. తిండి మాటలే వాటిని ఇచ్చాయి. ఇలా రెండుమూడు మాటలు భోజనం దాటి జీవితంలోకి పాకాయంటే మీ భాష వేళ్ళూనుకుంటోందని అర్థం.

రోజూ నలిగే మాటను కొంచెం అరగదీయండి. తొరాన్ వారు రాత్రి మిగిలినదాన్ని నీళ్ళలో నానబెట్టి పొద్దున తింటారు. ‘ఇహాల్ మెలూత్’ అనాలి, కానీ ప్రతి ఉదయం అనీ అనీ అది ‘ఇహమెల్’ అయింది. నియమం తప్పిన మాట పట్టికలో ఒకటో రెండో ఉండాలి, అవి అతి ఎక్కువగా వాడే మాటలే కావాలి. ఎప్పుడో వచ్చే పండుగ మాట అరగదు.

## 6. తినడం అనే క్రియను ఎలా చీల్చాలి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి.

తినడాన్ని ఏ భాష ఎలా చీలుస్తుందో చూస్తే ఆ సమాజం కనబడుతుంది. తెలుగులో తినడం ఉంది, భోంచేయడం ఉంది, ఆరగించడం ఉంది, మెక్కడం ఉంది, పశువులకైతే మేయడం ఉంది. ఇండొనేషియాలోని జావా భాషలో తోటివాడు తింటే మంగన్, మర్యాదగా చెబితే నెద, గౌరవించవలసినవారు తింటే దహర్. అమెరికా ఆదివాసుల భాష అయిన నవాహోలో తినే పదార్థం గట్టిదా మెత్తదా మాంసమా అన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. ఫిజీ భాషలో క్రియ సంగతి అటుంచి, ‘నాది’ అనే మాటే తినేదానికి ఒకటి, తాగేదానికి మరొకటి.

వీటిలో ఏదో ఒక్క దారిని ఎంచుకోండి:

- తినే మనిషి హోదాను బట్టి
- తినే పదార్థాన్ని బట్టి
- తినే వేళను బట్టి
- ఎవరితో, ఎక్కడ తింటున్నారన్నదాన్ని బట్టి

అన్నీ కలిపితే రాసే మీకే గుర్తుండదు. ఎంచుకున్న దారి మూడో అడుగులోని కొరతతో ముడిపడాలి. తొరాన్ వారికి పొయ్యి కొరత. కాబట్టి వారి క్రియ ఎవరి పొయ్యి అన్నదాన్ని బట్టి చీలుతుంది. తన పొయ్యి దగ్గర తనవారితో తింటే లమేర్. ఎవరికీ తెలియకుండా ఒంటరిగా తింటే హసూన్. ఇతరుల పొయ్యి దగ్గర అతిథిగా తింటే నువేల్.

చీలిక సరైనదా కాదా తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక క్రియ ఉండాల్సిన చోట మరో క్రియ పెట్టండి. మనసుకు గుచ్చుకుందా? తొరాన్ తల్లి ఇంటికి వచ్చిన సొంత కొడుకును లమేర్ అని కాక నువేల్ అని అడిగిందనుకోండి. ‘నువ్వు పరాయివాడివయ్యావు’ అన్న మాట నేరుగా అనకుండానే అనేసింది. మన ఇళ్ళలో అలిగిన అమ్మ కన్నకొడుకును ‘మీరు’ అని పిలిస్తే ఎలా ఉంటుందో అలా. ఇలాంటి దెబ్బ ఒక్కటీ కొట్టలేని చీలికను తీసేయండి.

## 7. మర్యాదల వరుస: కూర్చోవడం, మొదలుపెట్టడం, అడగడం, లేవడం

ప్రతి మర్యాదకూ మూడు వాక్యాలు రాయండి: నియమం, కారణం, తప్పితే ఏమవుతుంది. కారణం ఆ మనుషులకు ఇప్పుడు గుర్తులేకపోయినా ఫర్వాలేదు. మీకు మాత్రం తెలిసి ఉండాలి.

కూర్చోవడం. గాలి వచ్చే వైపు అతిథిని కూర్చోబెడతారు. పీఠభూమి మీద గాలి ఆగదు, పొగ ఎప్పుడూ ఎదుటివైపే పోతుంది. పొగ వైపు కుర్రవాళ్ళు కూర్చుంటారు. పెద్దమనిషిని పొగ వైపు కూర్చోమన్నారంటే వలయం అతని మీద కోపంగా ఉందని అర్థం.

మొదలుపెట్టడం. మొదటి ముద్ద వండిన మనిషిదే, అందరూ చూస్తుండగా. ఒకప్పటి చేదు దుంప వల్ల వచ్చిన అలవాటు ఇది. ధాన్యం పుష్కలంగా ఉన్న ఏడాది కూడా పోలేదు. కెతూలి తినకుండా వడ్డిస్తే ఎవరూ ముట్టరు. వండిన మనిషి చివరికి మిగిలింది తినే మన ఇళ్ళకు ఇది తలకిందులు. మీ లోకంలో కూడా ఇలా మన అలవాటుకు ఎదురునిలిచే మర్యాద ఒక్కటైనా ఉండాలి.

అడగడం. ఉప్పును నోటితో అడగరు. చెయ్యి బోర్లించి చాపితే సిరాని ముంజేతి మీద చిటికెడు పెడుతుంది. అలా పెట్టిన ఉప్పును గుప్పిట్లో దాచుకోలేరు, అక్కడికక్కడే తినాలి. అరచెయ్యి చాపితే దొంగ బుద్ధి అంటారు. ఈ సంగతి తెలియని కొత్త మనిషి అరచెయ్యి చాపడంతో ఒక అధ్యాయమే మొదలుపెట్టవచ్చు.

లేవడం. కెతూలి నిప్పుల మీద నివురు కప్పాకే లేవాలి. మరుసటి సాయంత్రానికి నిప్పు దాచుకోవాలి కాబట్టి అందరూ ఉండగానే ఆ పని జరగాలి. ముందే లేచినవారు ‘నిప్పు నాకక్కర్లేదు’ అన్నట్టే.

ఇక్కడ ఒక సరిచూపు:

- నాలుగు మర్యాదల్లో కనీసం మూడింటికి కొరతతో సంబంధం ఉందా?
- పిల్లలకు మినహాయింపు ఏమిటి?
- పక్క ఊరివారు ఏ ఒక్కటి వేరుగా చేస్తారు?
- పాటించనివారు ఎవరు, ఎందుకు?

చివరి రెండూ మరవద్దు. ఒక జాతి అంతా ఒకేలా తినడం ఎక్కడా లేదు. మన దగ్గరే సకినాలు ఇంటింటికీ మందం మారతాయి, వాము పాళ్ళు మారతాయి, ఎవరి పద్ధతి సరైనదో వారు వాదిస్తారు.

## 8. అనకూడని మాటలు

కొరతగా ఉన్నదాని పేరు పక్కన ‘లేదు’ అనే మాట పెట్టడానికి మనుషులు భయపడతారు. మనం బియ్యం నిండుకున్నాయన్నట్టే, దీపం కొండెక్కిందన్నట్టే, మీ మనుషులకు కూడా అలాంటి తప్పించుకునే మాట ఒకటి కావాలి.

తొరాన్ భాషలో కాదనే మాట ఉక్. కానీ ‘ఉక్ సిరాన్’ అని ఎవరూ అనరు. ‘హులేమ్ సిరాన్’ అంటారు, ఉప్పు నిద్రపోతోందని. వర్తకులు వచ్చిన రోజు పేరు ‘ఉప్పు లేచిన రోజు’. మీ పండుగల పట్టికలో మొదటి పండుగ ఇలా దానంతటదే దొరుకుతుంది.

వద్దనడం కూడా ఇలాగే. ‘ఉక్ లమేర్ వి’ అంటే ‘నేను తినను’ అని తెగతెంపుల మాట. మర్యాదస్తులు ‘తవాన్ వి’ అంటారు, నాకు నిండింది అని.

## 9. చిన్న వాక్యాలు కట్టడం

వ్యాకరణం మొత్తం అక్కర్లేదు. వరుస, ప్రశ్న, వ్యతిరేకం, నేను, నువ్వు, వారు: ఇవి చాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి తొరాన్ భాషలో ముందు పెడదాం. ప్రశ్నకు ముందు ఎల్. నేను వి, నువ్వు తె, వారు సొ. ఈ చిన్న మాటలకు మూలపదాల నియమం వర్తించదు. కాలం గుర్తు లేదు, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.

- ఎల్ లమేర్ తె? : తిన్నావా? (రోజూ పలకరింపు)
- లమేర్ మెలూత్ వి. : నేను భోజనం చేశాను.
- లమేర్ వి, లమేర్ తె. : నేను తిన్నాను, నువ్వు తిను. (మొదటి ముద్ద తిన్నాక కెతూలి అనేది)
- నువేల్ వి. : మీ పొయ్యి దగ్గర తిన్నాను. (అతిథి కృతజ్ఞత)
- ఎల్ కొమెలూత్? : మారు వేయమంటావా?
- ఎల్ నువేల్ తె? : అతిథిగా తింటావా?
- ఉక్ నువేల్, లమేర్ వి. : అతిథిగా కాదు, మీతో కలిసి తింటాను.

చివరి రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. కోపగించిన తల్లి, తిరిగొచ్చిన కొడుకు. ఒక ప్రశ్న, ఒక జవాబు. సన్నివేశం తయారైంది.

## 10. తెలుగు వాక్యంలో ఇమడ్చడం

ఇక్కడ తడబడేవారు ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

విభక్తులు. పొల్లుతో ముగిసే మాటకు ‘ను’, ‘కు’, ‘లో’ చేర్చి టైపు చేస్తే అక్షరాలు అతుక్కుంటాయి. ‘సిరాన్’కు ‘ను’ చేరిస్తే ‘సిరాన్ను’ అయిపోయి మూలపదం పోల్చుకోలేకుండా పోతుంది. పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు పెట్టండి. దాన్ని జీరో విడ్త్ నాన్‌జాయినర్ అంటారు. అప్పుడు ‘సిరాన్‌ను’, ‘మెలూత్‌కు’ అని విడిగా నిలుస్తాయి. పుస్తకం మొత్తంలో ఒకే పద్ధతి పాటించండి.

ఏకవచనమా, బహువచనమా? అన్నం ఉడికింది అంటాం, బియ్యం ఉడికాయి అంటాం. పాలు పొంగాయి, పెరుగు తోడుకుంది. మీ మాటకు ఏది వర్తిస్తుందో మొదటి రోజే నిర్ణయించి గడిలో రాసుకోండి. ఒక పేజీలో ‘మెలూత్ ఉడికింది’, మరో పేజీలో ‘మెలూత్ ఉడికాయి’ అంటే పాఠకుడి నమ్మకం అక్కడే సడలుతుంది.

అర్థం చెప్పే తీరు. బ్రాకెట్‌లో అర్థం పెట్టకండి, పేజీ కింద వివరణ పెట్టకండి. మాట పక్కన పని చూపించండి. ఇలా:

‘కెతూలి కుండ దించి ఒక ముద్ద తీసుకుంది. వలయంలో మాటలు ఆగాయి. ఆమె నమిలి మింగాకే పిల్లలు గిన్నెలు చాపారు. అతను అలవాటు కొద్దీ అరచెయ్యి చాపాడు. సిరాని ఉప్పుబుర్ర మూత తీయబోయి ఆగిపోయింది.’

కొత్త మాటలు రెండే. ఎవరు వండారో, ఎవరి దగ్గర ఉప్పుందో, ఎవరు తప్పు చేశారో తెలిసిపోయింది.

మోతాదు. ఒక సన్నివేశంలో రెండు మూడు కొత్త మాటలకు మించవద్దు. ముఖ్యమైన మాటను వేర్వేరు సందర్భాల్లో కొన్నిసార్లు చూపించాకే దాని మీద కథను మోపండి. పైన చెప్పిన తల్లి ప్రశ్న పుస్తకం మొదట్లో వస్తే వృథా. పాఠకుడు లమేర్‌కూ నువేల్‌కూ అలవాటు పడ్డాక రావాలి.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

తెలుగు మాటకు ముసుగు. అన్నానికి ఒక పేరు, పప్పుకు ఒకటి, చారుకు ఒకటి, పెరుగుకు ఒకటి, అదే వరుసలో. ఇది కొత్త సంస్కృతి కాదు, మన విస్తరే. సవరణ: మన భోజనంలో ఉన్న ఒక ముఖ్యమైన దశను పూర్తిగా తీసేయండి, మనకు లేని ఒక దశ చేర్చండి.

ఎప్పుడూ విందే. రాజుగారి విందులతో పేజీలు నింపి, మామూలు మంగళవారం పొద్దున ఏం తింటారో రాయరు. సవరణ: మొదట ఇహమెల్ లాంటి చద్ది తిండిని రాయండి. విందు దాని పక్కన నిలబడితేనే విందులా కనబడుతుంది.

అందరూ మర్యాదస్తులే. నియమాన్ని ఎవరూ తప్పని కథలో ఆ నియమం ఉందో లేదో పాఠకుడికి పట్టదు. మొదటిసారి పాటించినట్టు చూపండి, రెండోసారి తప్పించండి.

వంటవారు కనబడకపోవడం. తిండి దానంతటదే వలయంలోకి వచ్చేస్తుంది. ఎవరు నీళ్ళు మోశారు, ఎవరు పేడ ఎండబెట్టారు, ఎవరు అంట్లు తోమారు? ఇది కళకు సంబంధించిన లోపం మాత్రమే కాదని నా అభిప్రాయం. మన ఇళ్ళలో కళ్ళముందే జరిగే పనిని మనం చూడటం మానేశామనడానికి గుర్తు. సవరణ సులువే: పొయ్యి ముట్టించడం నుంచి నివురు కప్పడం దాకా ఒక్కసారి పనుల జాబితా రాసి, ప్రతి పని పక్కన ఒక మనిషి పేరు పెట్టండి.

పంట, కాలం కలవకపోవడం. వర్షాలు లేని చోట రోజూ చేపలు, మంచుకొండ మీద మామిడిపండ్లు. మూడో అడుగు జవాబులను గోడకు అంటించుకోండి.

వింత కోసం వింత. పురుగులు, పచ్చి నెత్తురు, పాత్రలు పగలగొట్టడం లాంటివి కారణం లేకుండా పెడితే ఆ జాతిని చిన్నచూపు చూసినట్టవుతుంది. కారణం చెప్పగలిగితే ఉంచండి, లేకపోతే తీసేయండి.

## 12. ఆఖరి పరీక్ష

ఒక పేజీ భోజన సన్నివేశం రాసి, మీ లోకం గురించి ఏమీ తెలియని ఒకరికి ఇవ్వండి. పదాల పట్టిక ఇవ్వకండి, వివరించకండి. చదివాక ఈ ప్రశ్నలు అడగండి:

- ఆ పొయ్యి ఎవరిది?
- అక్కడ దేనికి కొరత ఉంది?
- ఎవరి మీద ఎవరికి కోపం?
- తప్పు చేసింది ఎవరు, ఏం చేశారు?

కొరత ఏమిటో చెప్పలేకపోతే మూడో అడుగుకు వెళ్ళండి. కోపం పట్టుకోలేకపోతే ఆరో అడుగులో క్రియల చీలిక బలహీనంగా ఉంది. తప్పు కనబడకపోతే మర్యాదను అంతకుముందు ఒకసారి సరిగ్గా పాటించి చూపించలేదని అర్థం. ఆ సన్నివేశాన్ని ముందు అధ్యాయంలో చేర్చండి. నాలుగింటికీ సరైన జవాబు వచ్చి, చదివినవారు ఒక మాటను తమంతట తాము పలికి చూశారంటే ఆ మాట చుట్టూ మరో పది మాటలు కట్టడం మొదలుపెట్టవచ్చు.